పదహారేళ్ల ప్రశ్న, రెండు గడుల మధ్య సందు: జీవితార్థం వెతికే బొమ్మల నవలలు ఎందుకు తికమక పెడతాయి?

"ఇంత డబ్బు పెట్టి కొంటే అరగంటల అయిపోయింది, ఆఖరికి ఏం చెప్పిండో సమజ్ కాలే." గ్రాఫిక్ నవల, అంటే గడుల్లో గీసిన బొమ్మలతో, కొద్ది మాటలతో నడిచే నవల, మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్ల దగ్గర ఇలాంటి మాట తరచుగా వినిపిస్తుంది. అది దొంగా పోలీసు కథో, సూపర్ హీరో కథో అయితే కొంత నయం. మనిషి ఎందుకు బతుకుతున్నాడు, చావు ఖాయమని తెలిసీ ఈ పరుగంతా దేనికి అని అడిగే రకం పుస్తకమైతే ఆ మాట ఇంకాస్త గట్టిగా వస్తుంది. అంత పెద్ద ప్రశ్న వేసి, పదిమాటలకు మించి రాయకుండా, వాన పడుతున్న ఒక కిటికీ బొమ్మతో ముగిస్తే ఎవరికైనా చిరాకే కదా. హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతూ ఫోన్‌లో మాంగాలు, అంటే జపాన్ బొమ్మల కథలు, చదివే పిల్లలకు ఈ తికమక లేదు. వాళ్ల చేతిలో పుస్తకం చూసిన ఇంట్లోవాళ్లకే ఉంది.

నిజానికి బొమ్మల వరసలో చావు బతుకుల కథ చెప్పడం ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కాదు. కొత్తదల్లా, ఆ బొమ్మల పక్కన నిలబడి చెప్పే మనిషి లేకపోవడం.

క్లుప్తంగా

గ్రాఫిక్ నవలలో అర్థం ఎక్కువగా గడిలో ఉండదు, రెండు గడుల మధ్య వదిలిన తెల్ల సందులో ఉంటుంది. కథ చెప్పడానికి బట్ట మీద వరసలుగా బొమ్మలు గీసే చేర్యాల పటంలో ఆ సందును కథకుడి గొంతు నింపేది. అచ్చు పుస్తకంలో పాఠకుడే నింపాలి. ఆ పని చెయ్యాలని తెలియకపోతే పుస్తకం ఖాళీగా కనిపిస్తుంది. తెలుగులో ఇలాంటివి పెద్దగా రాకపోవడానికి డబ్బుతో పాటు మన లిపి, మన పొడుగు మాటలు కూడా కారణమే. అయితే ఫోన్ తెర ఈ లెక్కలు కొన్నిటిని మార్చేలా ఉంది.

బొమ్మలంటే పిల్లలకే అన్న అలవాటు

తెలుగు పాఠకుడికి బొమ్మల కథ అంటే మొదట గుర్తొచ్చేది 1947 జులైలో మొదలైన చందమామ, ఆ తర్వాత 1967లో వచ్చిన అమర్ చిత్ర కథ. ఈ రెండూ ఒకటి కాదు. చందమామలో ఉండేది కథ, దానికి తోడుగా బొమ్మ. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ ఎంత అద్భుతంగా గీసినా, చేత్తో బొమ్మ మూసి చదివితే కథ పూర్తిగా అర్థమవుతుంది. అమర్ చిత్ర కథలో గడులు, మాటల బుడగలు వచ్చాయి, కానీ బొమ్మ పైన పెట్టెలో "అప్పుడు రాజు అడవికి వెళ్లాడు" అని ఉంటుంది, కింద బొమ్మలో రాజు అడవికి వెళ్తూ ఉంటాడు. చెప్పిందే మళ్లీ చూపించడం. పిల్లలకు అదే కావాలి, తప్పేం లేదు.

గ్రాఫిక్ నవలకు ఇదే పరీక్ష పెడితే సంగతి తేలిపోతుంది. బొమ్మలు మూసేసి మాటలే చదివితే కథ కుంటుపడుతుంది. మాటలు మూసేసి బొమ్మలే చూస్తే కథ ఇంకో దారిలో పోతుంది. మాట ఒకటి చెప్తుంటే బొమ్మ ఇంకోటి చెప్పాలి, వాటి మధ్య తేడాని పాఠకుడు పట్టుకోవాలి. "నేను బాగనే ఉన్న బిడ్డా" అని ఫోన్‌లో చెప్తున్న తల్లి చేతిలో ఆస్పత్రి చీటీ కనిపించినట్టు. చందమామ చదివిన కన్ను ముందు అక్షరం వైపు పరుగెత్తుతుంది, అక్షరం అయిపోగానే పేజీ తిప్పేస్తుంది, చీటీ అక్కడే ఉండిపోతుంది. అరగంటలో అయిపోవడం అంటే చాలావరకు ఇదే.

ఇద్దరికీ పదహారేళ్లే

గ్రాఫిక్ నవల అన్న మాటను జనంలోకి తెచ్చిన పుస్తకం 1978లో న్యూయార్క్‌లో వచ్చింది, పేరు ఏ కాంట్రాక్ట్ విత్ గాడ్, గీసి రాసింది విల్ ఐస్నర్. మాట అంతకుముందే ఉంది, కానీ కవర్ మీద అచ్చయి అందరికీ తెలిసింది దీనితోనే. అందులో మొదటి కథ ఒక పేద యూదుడిది. చిన్నప్పుడు రష్యాలో ఉండగా దేవుడితో ఒప్పందం రాసుకుంటాడు, ఒక రాయి మీద. నేను మంచిగా బతుకుతా, నువ్వు నన్ను చూసుకో అని. అమెరికా వస్తాడు, గుమ్మం ముందు ఎవరో వదిలేసిన పసిపాపను పెంచుకుంటాడు, ఆ పిల్ల జబ్బు చేసి చనిపోతుంది. కథ మొదలయ్యేది అక్కడే: పిల్లను పూడ్చిపెట్టి జోరు వానలో నడిచి వస్తున్న తండ్రి. చాలా పేజీల్లో గడులకు గీతలే లేవు, వాన ధారలే గడి గోడల్లా నిలువుగా దిగుతుంటాయి. ఇంటికొచ్చి ఆయన దేవుడిని నిలదీస్తాడు, మాట తప్పింది ఎవరు అని, రాయిని కిటికీలోంచి విసిరేస్తాడు.

ఈ కథ వెనక ఉన్న సంగతి చాలా ఏళ్లు ఎవరికీ తెలియదు. ఐస్నర్ ఏకైక కూతురు ఆలిస్ 1970లో లుకేమియాతో చనిపోయింది. పదహారేళ్ల పిల్ల. ఆ విషయం ఆయన బయటికి చెప్పింది దశాబ్దాల తర్వాత.

పదహారు అనగానే ఉత్తర తెలంగాణ పద్మశాలి ఇళ్లలో గుర్తొచ్చే పేరు వేరే ఉంది. మృకండు మహర్షికి, మరుద్వతికి పిల్లలు లేరు. శివుడు ప్రత్యక్షమై నూరేళ్లు బతికే మందమతి కావాలా, పదహారేళ్లే బతికే జ్ఞాని కావాలా అని అడిగాడు. వాళ్లు రెండోదే కోరారు. మార్కండేయుడు పుట్టాడు. గడువు తీరిన రోజు యముడు వచ్చి పాశం వేస్తే, లింగాన్ని కౌగిలించుకున్న పిల్లాడితో పాటు అది లింగానికీ పడింది, శివుడు బయటికొచ్చాడు, యముడు వెనక్కి పోయాడు. మార్కండేయుడు ఎప్పటికీ పదహారేళ్లవాడుగానే ఉండిపోయాడు. ఆయన కొడుకు భావనారుషి తామర తూడు నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేశాడు, పద్మశాలీలు తమ మగ్గాన్ని ఆయన దగ్గరి నుంచే చెప్పుకుంటారు.

రెండు కథల్లోనూ ప్రశ్న ఒక్కటే: ఇంత చిన్న వయసులో పోయే బతుక్కి అర్థం ఏంటి? మార్కండేయ పురాణం దానికి జవాబు చెప్తుంది. దేవుడు వచ్చాడు, పిల్లాడు మిగిలాడు, వంశం నిలబడింది, వంశానికి చేతిపని దొరికింది. చావు దగ్గర మొదలైన కథ మగ్గం దగ్గర ఆగుతుంది. ఐస్నర్ కథలో ఎవరూ రారు. తండ్రి గడ్డం గీసుకుని, అద్దె ఇళ్ల వ్యాపారంలో దిగి, డబ్బు సంపాదించి, మళ్లీ దేవుడితో కొత్త ఒప్పందం రాయించుకుని, ఇంక బాగా బతుకుదాం అనుకునే రాత్రే గుండె ఆగి పోతాడు. విసిరేసిన పాత రాయి ఇంకో పిల్లాడికి దొరుకుతుంది, వాడు దాని మీద తన పేరు రాసుకుంటాడు. అంతే, అయిపోయింది. ఆ పిల్లాడికి ఏమవుతుందో చెప్పకుండా పుస్తకం పక్క కథలోకి వెళ్లిపోతుంది.

పటం ముందు నిలబడ్డ గొంతు

మార్కండేయ పురాణాన్ని పద్మశాలీలకు చెప్పేది కూనపులివాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే వేరే ఆశ్రిత కులం, వాళ్ల చేతిలో ఒక పటం: ఇది తెలంగాణ పద్ధతి. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్తారు, మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం చెప్తారు. పటం గీసేది నకాషీ చిత్రకారులు, చేర్యాలలో. చేర్యాల 2016 జిల్లాల విభజనకు ముందు వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా.

పటం తయారీ చూస్తే అది ఎంత మొండి వస్తువో తెలుస్తుంది. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు, అప్పుడు గుడ్డ చుట్టినా విరగని తోలులా తయారవుతుంది. బొమ్మల వెనక నేపథ్యమంతా ఎర్ర రంగు. వెడల్పు సుమారు మూడడుగులే, పొడవు మాత్రం నలభై, యాభై అడుగులు పోతుంది. పై నుంచి కిందికి ఒకదాని కింద ఒకటి అడ్డ వరసలు, వరసకీ వరసకీ మధ్య పూలతీగ అంచు. పాతబడి చిరిగిన పటాన్ని చెత్తలో పారేయరు, నీళ్లలో కలుపుతారు, మనిషికి చేసినట్టే.

ఇప్పుడు తేడా గమనించాలి. పటంలో రెండు వరసల మధ్య తెల్ల సందు లేదు. కథకుడు కర్రతో ఒక బొమ్మ చూపిస్తాడు, పాడతాడు, వెనక తాళాలు, హార్మోనియం, మధ్యలో పిట్టకథ, కూర్చున్నవాళ్ల మీద ఓ చెణుకు, అప్పుడు కర్ర కింది వరసకు దిగుతుంది. యముడు పాశం విసిరిన బొమ్మకీ శివుడు లేచిన బొమ్మకీ మధ్య ఎంతసేపు ఆగాలో, అక్కడ ఏడవాలో భయపడాలో, అన్నీ ఆ గొంతే తేలుస్తుంది. పక్కన ఊరంతా కూర్చుని ఉంటుంది, కథ తెలిసిందే, జవాబూ తెలిసిందే. వినడానికి వచ్చేది తెలియని విషయం కోసం కాదు, తెలిసిన విషయాన్ని మళ్లీ అందరితో కలిసి నమ్మడం కోసం.

అచ్చు పుస్తకం నుంచి ఈ గొంతును తీసేయండి. ఊరిని తీసేయండి. తెలిసిన కథను కూడా తీసేయండి. మిగిలేది గడులు, వాటి మధ్య ఖాళీ. గ్రాఫిక్ నవల సరిగ్గా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ పుస్తకాలు గీసేవాళ్ల దగ్గర చెప్పడానికి పురాణం లేదు, నమ్మించాల్సిన కులమూ లేదు, ఒక్కడే చదివే పాఠకుడు ఉన్నాడు.

"పోయిండు" అన్న మాటలా

సందు ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలంటే ఒక పేజీ ఊహించుకోవచ్చు. వరంగల్ కొత్తవాడలో ఒక ఇల్లు, జంపఖానాలు నేసే మగ్గం, గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ముసలాయన. పేజీలో ఆరు గడులు, ఒక్క మాట లేదు.

మొదటి గడిలో ఆయన చెయ్యి, నూలును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె. రెండోదాంట్లో గూట్లో మోగుతున్న ఫోన్, దాని మీద భివండీలో ఉంటున్న కొడుకు పేరు. మూడోదాంట్లో మగ్గం తొక్కుడు మీద ఆగిన పాదం. నాలుగో గడిలో గుంత ఖాళీ. అయిదోదాంట్లో సగం నేసిన జంపఖానా, ఎర్ర చార దగ్గర ఆగిపోయిన పేక. ఆరోదాంట్లో బయట వీధి, లైటు వెలిగింది, కుక్క పడుకుని ఉంది.

మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఏం జరిగింది? ఫోన్ ఎత్తడానికి లేచాడా? మగ్గం వదిలేసి కొడుకు దగ్గరికి భివండీ వెళ్లిపోయాడా? చచ్చిపోయాడా? ఇదే సంగతి నవలలో రాయాలంటే రచయిత క్రియాపదం ఎంచుకోక తప్పదు: లేచాడు, వెళ్లాడు, చనిపోయాడు. ఎంచుకున్న క్షణమే మిగతా రెండు దారులూ మూసుకుపోతాయి. తెలుగులో ఒక మాటకు ఈ చిక్కు నుంచి తప్పించుకునే వీలుంది, "పోయిండు". ఊరికి పోయిండు, కాలం చేసి పోయిండు, రెండూ అదే. సందు చేసే పని అచ్చం "పోయిండు" చేసే పనే, కాకపోతే వాక్యంలో పక్క మాటలు చూసి అర్థం తేల్చుకుంటాం, ఇక్కడ తేల్చడానికి మన అనుభవం తప్ప ఇంకేమీ లేదు. తండ్రి మగ్గం మీదే పోయిన ఇంటివాడు ఈ పేజీలో చావు చూస్తాడు. వలస ఇంటివాడు రైలు చూస్తాడు. పుస్తకం ఇద్దరినీ కాదనదు.

అమెరికా కార్టూనిస్టు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే ఒక పుస్తకం చేశాడు. ఒక గడి నుంచి ఇంకో గడికి దూకడాన్ని ఆయన ఆరు రకాలు చేశాడు. యాక్షన్ కథల్లో ఎక్కువగా ఉండేది పని నుంచి పనికి దూకడం: చెయ్యి లేచింది, దెబ్బ పడింది. ఇంకో రకంలో కాలం కదలదు, చూపు మాత్రమే కదులుతుంది: కప్పు, కిటికీ, మెడ వెనక భాగం, ఆకాశం. జపాన్ కామిక్స్‌లో ఇది బాగా ఎక్కువ. జీవితం గురించి ఆలోచింపజేసే పుస్తకాలు దీని మీదే నడుస్తాయి, ఎందుకంటే ఆలోచన అనేది పని కాదు, దాన్ని బొమ్మ వెయ్యలేం, ఆలోచించేటప్పుడు కన్ను ఎక్కడెక్కడ తిరుగుతుందో మాత్రం వెయ్యొచ్చు. సినిమా కూడా ఇది చెయ్యగలదు, కాకపోతే దాని స్పీడు దానిది. పుస్తకంలో అయిదో గడి చూస్తున్నప్పుడు మొదటి గడి ఇంకా కంటి కొసన ఉంటుంది. జరిగిపోయింది కూడా పేజీ మీద నుంచి పోదు.

ఖాళీతో చెప్పడం ఈ నేలకు పరాయి విద్య కూడా కాదు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది, ఫలకాల మీద పడగ విప్పిన ముచలింద నాగుడు, కథల్లో బుద్ధుడికి వాన తగలకుండా కాచిన పాము, కనిపిస్తాడు. తొలినాళ్ల బౌద్ధ శిల్పంలో బుద్ధుడిని మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు, పాదాల గుర్తు, ఖాళీ ఆసనం, చెట్టు, ఇంతే. ఎవరు లేరో చూసేవాడికి తెలుసు.

అయితే ఖాళీగా ఉన్న ప్రతి పేజీలో లోతు ఉంటుందని కాదు. వాన, కిటికీ, టీ కప్పు, ఎవరో ముసలాయన చెప్పిన రెండు ముక్కల జ్ఞానం: వాట్సాప్ గుడ్ మార్నింగ్ మెసేజ్‌కు రెండొందల పేజీల బొమ్మలు వేసినట్టుండే పుస్తకాలు ఈ రకంలో బోలెడు. తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. గడుల వరస మార్చి చదివి చూడాలి. అర్థం ఏమీ మారకపోతే అక్కడ సందు లేదు, ఖాళీయే ఉంది. కొత్తవాడ పేజీలో ఫోన్ గడిని చివరికి మారిస్తే కథ మొత్తం తిరగబడుతుంది, అప్పుడు ఎత్తేవాళ్లు లేని ఇంట్లో ఫోన్ మోగుతుంది.

చచ్చినవాడు మళ్లీ ఎలా లేచాడు?

పాఠకులు బాగా తికమక పడే పుస్తకాల్లో ఒకటి బ్రెజిల్ కవల సోదరులు ఫాబియో మూన్, గాబ్రియెల్ బా 2010లో తెచ్చిన డేట్రిప్పర్. కథానాయకుడు పేపర్లో చనిపోయినవాళ్ల గురించి రాసే ఉద్యోగి. మొదటి అధ్యాయం చివర 32 ఏళ్ల వయసులో చనిపోతాడు. రెండో అధ్యాయం తెరిస్తే 21 ఏళ్లవాడుగా బతికే ఉంటాడు, చివర మళ్లీ చనిపోతాడు. ఒక అధ్యాయంలో 11 ఏళ్లకే పోతాడు, ఇంకోదాంట్లో 41కి. చివరికి వచ్చేసరికి 76 ఏళ్ల పెద్దాయన.

దీన్ని పునర్జన్మ అనుకుంటే దారి తప్పినట్టే, మన దగ్గర మొదట తట్టేది అదే అయినా. కల అనుకున్నా అంతే. చేసిన ఏర్పాటు ఏంటంటే, ఒకే జీవితాన్ని వేర్వేరు చోట్ల కోసి, ఇక్కడ ఆగిపోయి ఉంటే ఈ మనిషి ఏమయ్యేవాడు అని ప్రతిసారీ లెక్క చూడటం. 11 ఏళ్లకు ఆగితే అతను గాలిపటం ఎగరేసిన పిల్లాడు. 41కి ఆగితే ఒకరికి తండ్రి. మనం చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చూసి, ఫొటో కింద వయసు చదవగానే "అయ్యో" అనో, "పోనీలే పండుటాకు" అనో ఒక తీర్పు చెప్పేస్తాం కదా, ఆ తీర్పును ఈ పుస్తకం ఒకే మనిషి మీద పదేపదే చెప్పిస్తుంది. చెప్పిస్తూ పోతే తీర్పు మీదే అనుమానం వస్తుంది.

మార్కండేయుడి తల్లిదండ్రులకు శివుడు పెట్టిన షరతు కూడా ఇలాంటి లెక్కే. నూరా, పదహారా? వాళ్లు తేల్చి చెప్పారు, కథ ముందుకు నడిచింది. ఇక్కడ తేల్చే పని పాఠకుడికి అప్పజెప్పారు, అతను దానికి సిద్ధంగా లేడు.

తెలుగులో ఎందుకు పెద్దగా రాలేదు?

డబ్బు మొదటి కారణం, దాని గురించి పెద్దగా చెప్పేది లేదు. తెలుగులో కథల పుస్తకమే చాలాసార్లు ఐదొందలు, వెయ్యి కాపీలు వేస్తారు. రంగుల్లో, మందపాటి కాగితం మీద, ఒక్క పేజీ గీయడానికి రోజులు పట్టే పుస్తకాన్ని ఆ లెక్కలో వేస్తే ధర చేతికందదు, తగ్గిస్తే గీసినవాడికి ఏమీ మిగలదు.

రెండో కారణం గురించి తక్కువ మాట్లాడుకుంటారు: మాటల బుడగ. ఈ బుడగ ఇంగ్లిష్ పెద్దక్షరాలకు కుట్టిన చొక్కా. ఆ అక్షరాలన్నీ ఒకే ఎత్తు, మాటలు పొట్టి, ఎక్కడైనా విరిచి కింది వరసలోకి తేవచ్చు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. దానికి తోడు "వెళ్లిపోదామనుకుంటున్నాడేమో" అనేది ఒకటే మాట. సన్నటి బుడగలో పట్టదు, మధ్యలో విరిస్తే చదివేవాడు తడబడతాడు. అనువాదాల్లో అక్షరాలు చీమల్లా చిన్నగా అయిపోవడానికి, బుడగలు బొమ్మను మింగేయడానికి ఇదే కారణం. పరిష్కారం లేకపోలేదు. బుడగ ఆకారాన్నే మార్చుకోవచ్చు. 2011లో అంబేడ్కర్ జీవితం మీద వచ్చిన భీమాయనలో ప్రధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం చేసిందదే. వాళ్లు పెట్టెల గడులు వదిలేశారు, మెత్తటి మాటలకు పక్షి ఆకారం, విషం కక్కే మాటలకు తేలు కొండి ఉన్న బుడగ గీశారు. వాళ్లు మధ్యప్రదేశ్ వాళ్లు, కానీ కిక్రి అనే తీగ వాద్యం వాయిస్తూ రాజ్‌గోండులకు కథలు చెప్పే ప్రధానులు మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు.

బుడగ వల్ల ఒక లాభం కూడా ఉంది. అందులో పట్టేది నోటిమాటే కాబట్టి వరంగల్ మనిషి వరంగల్ మాటే మాట్లాడాలి. "ఎటు వోతున్నవే?" అన్న చోట "ఎక్కడికి వెళ్తున్నావు?" అని రాస్తే, పక్కన గీసిన ముఖం ఒప్పుకోదు.

ఫోన్‌లో మళ్లీ పటం

దగ్గరి కాలంలో మారేది ఎక్కువగా చదివే చోటే. కొరియా వాళ్ల వెబ్‌టూన్లు, అంటే ఇంటర్నెట్‌లో చదివే బొమ్మల కథలు, కంప్యూటర్ తెర మీద పుట్టి ఫోన్‌లో స్థిరపడ్డాయి. పేజీలు లేవు, ఒకే పొడుగు పట్టీ, వేలితో పైకి తోస్తుంటే ఒక గడి కింద ఇంకోటి వస్తుంది. సన్నటి వెడల్పు, అంతులేని పొడవు, పై నుంచి కిందికి చదవడం: చేర్యాల పటం కొలతలు ఇవే. రంగుకు అచ్చు ఖర్చు లేదు, బుడగను గడి బయట తెల్లచోటులో ఎంత వెడల్పుగా అయినా పెట్టుకోవచ్చు, తెలుగు మాట విరగాల్సిన పని తగ్గుతుంది. ఇప్పటిదాకా చెప్పుకున్న రెండు అడ్డంకులూ ఇక్కడ సగానికి సగం తగ్గుతాయి.

పోయేవీ ఉన్నాయి. పేజీ తిప్పితే ఎదురయ్యే ఆశ్చర్యం ఉండదు. మొదటి గడి కంటి కొసన నిలబడదు, పైకి వెళ్లిపోతుంది. సందు మాత్రం ఇంకో రూపం తీసుకుంటుంది, వెడల్పు బదులు పొడవు. ఆగిన పాదం గడికీ ఖాళీ గుంత గడికీ మధ్య ఒక వేలంత తెల్లచోటు వదిలితే ముసలాయన ఫోన్ ఎత్తడానికి లేచినట్టు ఉంటుంది. నాలుగైదు సార్లు వేలు తోస్తే గానీ కింది గడి రాకపోతే, ఆ తెల్లదనంలోనే చదివేవాడికి అర్థమైపోతుంది, పోయిండని.